ఫెన్‌వే పార్క్ స్తంభం గారికి

మహారాజశ్రీ బోస్టన్ ఫెన్‌వే పార్క్ బేస్‌బాల్ స్టేడియం గ్రాండ్‌స్టాండ్ స్తంభం గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఉభయుల్లో ఒకరి మెడ మాత్రం ఇంకా పట్టేసే ఉంది.

నిన్న మధ్యాహ్నం మీ వెనక నీలం చెక్క కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నది నేనే. టికెట్ నాకు అంటగట్టినవాడు ‘కాస్త అడ్డం ఉండొచ్చు’ అన్నాడు. కాస్తేనట! బ్యాటర్ కనిపించాడు, ఫీల్డర్లు కనిపించారు, బంతి విసిరే పిచ్చర్ ఒక్కడే లేడు. ఆయన చోట మీరున్నారు. ఎడమకి వంగితే పిచ్చర్ వచ్చాడు, బ్యాటర్ పోయాడు. బేస్‌బాల్ అంటే ఆ ఇద్దరి మధ్య యవ్వారమే కదండీ! ఒక మనిషి ఉన్నట్టుండి గాల్లోకి బ్యాట్ విసరడం, స్టేడియమంతా లేచి అరవడం, నేను పక్కాయన్ని ‘ఏమైంది?’ అనడం. ఇదే నేను చూసిన ఆట. హిరణ్యకశిపుడు చరిచిన స్తంభంలోంచి సాక్షాత్తూ నరసింహస్వామే వచ్చాడు. మీ వెనక నుంచి ఒక్క బంతి రాలేదు.

మిగతా సమయమంతా మిమ్మల్నే చూశాను. పొర మీద పొర వేసిన ఆకుపచ్చ రంగు, దాని మీద ఎవరో గోటితో గీకిన గీత. నాలాంటివాడే అయ్యుంటాడు.

మీ చరిత్ర తెలియక కాదు. 1912 ఏప్రిల్ 20న, టైటానిక్ మునిగి వారం తిరక్కుండా, స్టేడియం తెరిచారు. 1926లో ఒకసారి, 1934లో ఇంకోసారి మంటలు. 1947లో మైదానం ఎడమ కొసనున్న లెఫ్ట్‌ఫీల్డ్ గోడ మీది ప్రకటనలు పోయి ఆకుపచ్చ రంగొచ్చింది, 2003లో ఆ 37 అడుగుల గోడ నెత్తిన కుర్చీలొచ్చాయి. 1999లో పక్కనే కొత్తది కడతామన్నారు, కట్టలేదు. 2002లో వచ్చిన కొత్త యజమానులు పదేళ్ళలో 28 కోట్ల డాలర్లకు పైగా పోసి పాతదాన్నే బాగుచేయించారు. కాంక్రీటుకి మరమ్మతు, కుర్చీలకి మరమ్మతు. 1946లో టెడ్ విలియమ్స్ అనే ఆటగాడు 502 అడుగుల దూరం కొట్టిన బంతి పడిన చోట కుర్చీకి ఎర్ర రంగు కూడా ఉంది. బంతే కనపడని నా కుర్చీకి ఏ రంగేస్తారో! కుడివైపు రైట్‌ఫీల్డ్‌లో కొన్ని కుర్చీలైతే ఆట జరిగే వైపే తిరిగి ఉండవు. వాళ్ళ మెడలు వాళ్ళిష్టం.

ఇంత ఖర్చులో నువ్వొక్కదానివే కదల్లేదు. అవును, ఇక నువ్వే, గారూ లేదు, మీరూ లేదు. నిన్ను తీస్తే పైకప్పు, దాని మీది ఖరీదైన సీట్లు కిందికొస్తాయట. స్తంభాలు లేని కొత్త స్టేడియాల్లో పైఅంతస్తును బాగా వెనక్కి జరుపుతారు. ఇక్కడ నువ్వున్నావు కాబట్టి పైవాళ్ళు మైదానం మీదే కూర్చున్నట్టుంటారు. అంటే వాళ్ళు దగ్గర్నుంచి చూడ్డానికి నేను అసలు చూడకూడదు. టికెట్ డబ్బులు మాత్రం నేనూ ఇచ్చాను!

ఏడో ఇన్నింగ్స్‌లో వాన దంచింది. ముందు వరసలవాళ్ళు తడిసి ముద్దయ్యారు, నా మీద చుక్క పడలేదు. అది నీ చలవే, ఒప్పుకుంటాను. పరిగెత్తుకొచ్చిన ఒకాయన నిన్నే ఆనుకుని, సరిగ్గా నాకు బ్యాటర్ కనిపించే వైపు నిలబడ్డాడు.

సగం డబ్బులు ఎప్పుడిప్పిస్తావో రాయి.

ఇట్లు,
నీ వెనక సీటువాడు