ఐసీ మార్చే ముందు డయోడ్ చూడండి

ట్యాంకు నిండితే మోటారు ఆపే సర్క్యూట్‌లో రిలే (మోటారుని ఆన్, ఆఫ్ చేసే కరెంటు స్విచ్) టకటకా కొట్టుకుంటుంటే 555 ఐసీ (టైమర్ చిప్) మార్చేయమని ఒక వ్యాసంలో రాశారు, అక్కడే నాకు పేచీ. విజయనగరంలో మా డాబా మీద ట్యాంకుకి నేనూ ఇదే కట్టి మూడు ఐసీలు మార్చాను, తీసిన మూడూ మంచివే! తీరా చూస్తే రిలే లోపలి తీగచుట్టకి, అంటే కాయిల్‌కి, అడ్డంగా 1ఎన్4007 డయోడ్ (కరెంటుని ఒక్క వైపే పోనిచ్చేది) పెట్టడం మర్చిపోయాను. కాయిల్‌కి కరెంటు ఆగిన క్షణంలో అది వెనక్కి కొట్టే వోల్టేజీ సప్లైలోని 12 వోల్టులు కాదు, వంద దాటి కూడా పోవచ్చు, దాంతో 555 తికమకపడి మళ్లీ ట్రిగ్గర్ అవుతుంది, ఒక్కోసారి రిలేని నడిపే ట్రాన్సిస్టరే పోతుంది. డయోడ్ మీద తెల్ల గీత ఉన్న వైపు ప్లస్‌కి రావాలి, తిప్పి పెట్టారో షార్టే. 555 ఐసీ 4వ కాలు (రీసెట్) గాల్లో వదలకుండా 8వ కాలుకి (ప్లస్ సప్లై) కలపండి, సప్లై కాళ్ల పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కూడా వేయండి.

మొన్న మా తమ్ముడు శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసి "ఏటన్నయ్యా, అన్నీ సరిగ్గానే పెట్టాను, ఎల్‌ఈడీ వెలగట్లేదు" అన్నాడు. మల్టీమీటర్ ఐసీ 8వ కాలు మీదే పెట్టమన్నాను, సున్నా! కొన్ని పొడుగు బ్రెడ్‌బోర్డుల్లో (టంకం లేకుండా గుచ్చి సర్క్యూట్ కట్టే పలకల్లో) ప్లస్ సప్లై ఇచ్చే ఎర్ర గీత పట్టీ మధ్యలో తెగి ఉంటుంది, చిన్న వైరు ముక్క గుచ్చితే వెలిగింది.