మూడు మౌనాల్లో ఒక్కటే ఫార్వర్డ్ అవుతుందేం?

ఈ వారంలో ఇది నాలుగోసారి. "సంఘంలో స్త్రీ నోరు తెరవకూడదు అనడానికి బైబిల్లోని ఐదు రుజువులు" అన్న మెసేజ్ ఇంకో బ్రదర్ పంపాడు, "ఆమేన్ అనకపోతే మీ విశ్వాసం ఏపాటిదో తెలుస్తుంది" అన్న బెదిరింపుతో సహా. ఆమేన్ అనలేను గానీ జవాబు చెప్తాను.

యేసు ముఖ్య శిష్యులుగా 12 మంది మగవాళ్లనే ఎంచుకున్నాడట. ఆ 12 మందీ యూదులే కదండీ, మరి యూదుడు కాని పాస్టరు మాట ఎందుకు వింటున్నారు?

హవ్వ "సహాయం" కాబట్టి ఒక మెట్టు కిందట. ఆదికాండము 2:18లో ఉన్నది "సాటియైన సహాయము". మెసేజ్ రాసినాయన సాటిని మింగేసి సహాయాన్ని మిగిల్చాడు. 121వ కీర్తనలో సహాయం చేసేది యెహోవా, ఆయన్ని కూడా ఒక మెట్టు దింపుతారా?

రోమా 16:1లో పౌలు పరిచయం చేసే ఫీబే అన్న స్త్రీ ఉత్త పరిచారకురాలట. 1 కొరింథీ 3:5లో పౌలు తననీ, తోటి బోధకుడు అపొల్లోనీ పరిచారకులనే అన్నాడు, గ్రీకులోనూ అదే మాట. తర్వాతది.

ఇక అసలుది, 1 కొరింథీ 14:34, "స్త్రీలు సంఘములలో మౌనముగా ఉండవలెను". ఆ అధ్యాయం మొత్తం చదివారా అసలు? 28వ వచనంలో, అర్థం చెప్పేవాడు లేకపోతే భాషలతో (ఆత్మావేశంలో ఎవరికీ అర్థంకాని భాషలో) మాట్లాడేవాడు మౌనంగా ఉండాలి. 30లో, పక్కవాడికి ఏదైనా బయలుపడితే ప్రవచిస్తున్నవాడు మౌనంగా ఉండాలి. ఆ తర్వాతే స్త్రీలు. మూడు చోట్లా గ్రీకులో ఒకే క్రియ. మగవాళ్ల మౌనం ఐదు నిమిషాలు, ఆడవాళ్లది యావజ్జీవం, ఇదెక్కడి లెక్క? ఇదే ఉత్తరంలో 11:5 దగ్గర స్త్రీ ప్రార్థన చేసేటప్పుడు, ప్రవచించేటప్పుడు తలమీద ముసుగు ఉండాలన్నాడు. నోరు మెదపకుండా ప్రవచించడం ఎలాగో నాకైతే తెలియదు. మళ్లీ 14:35లో "ఏమైనా నేర్చుకోవాలంటే ఇంట్లో భర్తని అడగాలి" అన్నాడు గనక, కూటం మధ్యలో ప్రశ్నలతో అడ్డుపడటం గురించే ఈ మాట అని నా ఉద్దేశం. కొన్ని పాత చేతిరాత ప్రతుల్లో 34, 35 వచనాలు 40 తర్వాత కనిపిస్తాయి, అందుకని ఇవి పౌలు రాసినవేనా అని అనుమానించే పండితులూ ఉన్నారు; నేను అంత దూరం వెళ్లను, వెళ్లాల్సిన పనీ లేదు. ఈ ఒక్క వచనం చూపించి సాక్ష్యం చెప్తున్న ఆడపిల్ల చేతిలోంచి మైకు లాక్కుంటారు చూడండి, అదీ నాకు మండేది. శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగిన పెంతెకొస్తు రోజున పేతురు ఎత్తి చెప్పింది "మీ కుమారులును మీ కుమార్తెలును ప్రవచించెదరు" అన్న యోవేలు ప్రవక్త మాటే కదా. సువార్తికుడు ఫిలిప్పు కూతుళ్లు నలుగురూ ప్రవచించేవాళ్లు, ఆ ఇంట్లో దిగిన పౌలు వాళ్లని "ష్ష్" అన్నట్టు అపొస్తలుల కార్యములు రాసిన లూకా ఎక్కడా రాయలేదు.

చివరిది 1 తిమోతి 2:12, స్త్రీ ఉపదేశించడానికి, పురుషుడి మీద అధికారం చేయడానికి సెలవియ్యనన్న మాట. ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. "అది తిమోతి ఉన్న ఎఫెసు సంఘానికి మాత్రమే" అని మనవాళ్లు చేతులు దులిపేసుకుంటారు, నేనూ చాలాసార్లు అదే పని చేశాను. కానీ ఆ వెంటనే "మొదట ఆదాము" అంటూ మాట సృష్టి దాకా వెళ్లింది, కాబట్టి అంత తేలిగ్గా తీసిపారేయలేం. నిజాయితీగా చదివి నాకు వ్యతిరేకమైన నిర్ణయానికి వచ్చినవాళ్లతో నాకు గొడవ లేదు. కాకపోతే "అధికారము చేయుట" దగ్గరున్న గ్రీకు మాట కొత్త నిబంధనలో ఇంకెక్కడా రాదు, అది మామూలు అధికారమా, పెత్తనం చెలాయించడమా అన్న వాదన ఇంకా తెగలేదు. ఇంతటి చిక్కుముడి మీద ఆమేన్ అడిగేవాళ్లు, కాస్త పైనే 8లో మగవాళ్లు కోపం లేకుండా చేతులెత్తి ప్రార్థించాలని ఉంటే దాన్ని ఎందుకు పంపరో? నిన్న గ్రూపులో ఇదే అడిగాను. వచ్చిన జవాబుల్లో కోపం లేనిది ఒక్కటీ లేదు.