బీరువా వెనకాల ఉన్న ఎక్స్‌రే గారికి

వెస్ట్ మాంబళం, చెన్నై.

మహారాజశ్రీ ఎక్స్‌రే గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, కుశలం ఒకవైపే ఉంది. మీరు బీరువా వెనకాల గోడకి చేరగిలబడి హాయిగా ఉన్నారు. నేను పాల ప్యాకెట్టు కోసం మూడో అంతస్తు నుంచి దిగి, మళ్లీ ఎక్కుతూ రెండో అంతస్తులో ఆగి, వాళ్ల గుమ్మం ముందు తులసి మొక్కని చూసి ముచ్చటపడుతున్నట్టు నటించి వచ్చాను. ఆ మొక్క ఎండిపోయి నెలైంది.

నిన్న రాత్రి నెల్లూరు నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. "అక్కా, ఇక్కడికి మోకాళ్ల స్పెషలిస్టు ఒకాయన కొత్తగా వచ్చాడు. ఆదివారం బయల్దేరి రా. నీకు వీలవకపోయినా పరవాలేదు, ఎక్స్‌రే పంపిస్తే చాలు" అంది. ఆ ఆఖరి మాటతో మీ స్థాయి ఏమిటో, నా స్థాయి ఏమిటో అర్థమై ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందట నన్ను నిలబెట్టి, రెండు మోకాళ్లూ కలిపి మిమ్మల్ని తీశారు. అప్పట్నించీ నా పెళ్లి ఆల్బమ్ కంటే మిమ్మల్నే ఎక్కువమంది చూశారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ మిమ్మల్ని ట్యూబులైటుకి ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి, "అయ్యో, గుజ్జంతా అరిగిపోయిందే" అనేవాళ్లే. మా బావగారైతే రెండు నిమిషాలు పరీక్షగా చూసి తల పంకించారు. తలకిందులుగా పట్టుకున్నారని మా అబ్బాయి తర్వాత చెప్పాడు. అసలు మీలో గుజ్జు కనబడదటగా! ఎముకలు కనబడతాయి, వాటి మధ్య సందు కనబడుతుంది. సందు ఇరుకైతే గుజ్జు అరిగిందని లెక్క. మూత తీయకుండా కూరలో ఉప్పెంతో చెప్పడం లాంటిది.

1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు ఈ అరుగుదలకి సున్నా నుంచి 4 దాకా గ్రేడులు కట్టారు. మీ లెక్క ప్రకారం నా ఎడమ మోకాలు గ్రేడు 3, కుడి మోకాలు గ్రేడు 2. నొప్పి మాత్రం కుడికాలికి. ఈ మాట చెబితే మొదటి డాక్టరుగారు మిమ్మల్ని చూసి, నన్ను చూసి, మళ్లీ మిమ్మల్నే చూసి, "ఎడమది కదా నొప్పి పుట్టాలి" అన్నారు. ఆయనకి అనుమానం నా మీదే. చివరికి నాకూ నా మీదే వచ్చింది. ఆ రాత్రి మంచం మీద కూర్చుని ఎడమ మోకాలిని అన్ని వైపులా నొక్కి చూసుకున్నాను, పాపం నొప్పి ఉండి బయటికి చెప్పుకోలేకపోతోందేమోనని.

ఆయన పదిహేను రోజులకి నొప్పి మాత్రలు, వాటికి కడుపు మండకుండా ఇంకో మాత్ర, గుజ్జు పెరగడానికి గ్లూకోసమిన్ రాశారు. కింద కూర్చోవద్దు, మెట్లెక్కద్దు అన్నారు. లిఫ్టు లేని మూడో అంతస్తుకి మెట్లెక్కకుండా ఎలా చేరాలో చీటీలో లేదు. 2006లో అమెరికాలో 1,583 మందికి మందులిచ్చి చూస్తే, మొత్తమ్మీద గ్లూకోసమిన్‌కీ ఉత్తుత్తి మాత్రకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదని మా అబ్బాయి చదివి వినిపించేసరికి నేను నాలుగో డబ్బా మీదున్నాను. నొప్పి మాత్రలు పనిచేశాయి, అబద్ధమెందుకు. అంత బాగా పనిచేశాయని పదిహేను రోజుల చీటీతో మూడు నెలలు కొనుక్కుని మింగాను. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిందని రక్తపరీక్షలో తేలాక భయమేసి మానేశాను.

తర్వాత పెద్ద ఆసుపత్రి. మిమ్మల్ని ఏసీ గదిలో వెలుగుతున్న పలక మీద పెట్టి, నన్ను బయట కుర్చీలో పెట్టారు. "రెండూ ఒకేసారి మార్చేద్దాం మేడమ్, ప్యాకేజీ ఉంది" అంది అక్కడి అమ్మాయి. 2017 ఆగస్టులో ప్రభుత్వం మోకాలి ఇంప్లాంట్ల ధరకి కళ్లెం వేసి, ఎక్కువమందికి వాడే రకం పన్ను కాకుండా 54,720 రూపాయలు మించకూడదంది. కాగితంలో ఇంప్లాంటు వరస పద్ధతిగానే ఉంది. దాని కిందే "ఇతరములు" అని ఇంకో వరస, అదొక్కటే మూడో మోకాలంత ఉంది. మార్పిడి వద్దని నేననను. మా వీధి చివరి మాష్టారు చేయించుకుని తిరువణ్ణామలైలో గిరిప్రదక్షిణం చేసొచ్చారు. కాకపోతే ఆయనకి రాత్రి పడుకున్నా నొప్పే, ఏ మందుకీ లొంగని స్థితి. నీకెలా ఉందని నన్ను ఆ అమ్మాయి అడగలేదు, మీరూ చెప్పలేదు.

మధ్యలో ఎదురింటి మామి మాటమీద పిరండై తువైయల్, అంటే మన నల్లేరు పచ్చడి. చేతులకి నూనె రాసుకోకుండా కణుపులు ఒలిచి, మోకాలి సంగతి మరిచిపోయి రెండు రోజులు చేతులు గోక్కున్నాను. నడవమన్నారని, నడవడానికి బస్సెక్కి మైలాపూరులో నాగేశ్వరరావు పార్కుకి వెళ్లాను. 1893లో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరున్న పార్కు కదా, తెలుగువాళ్ల మోకాలికి అక్కడ కాస్త దయ దొరకదా అని ఆశ. తిరుగుదారిలో బండి మీద, కీళ్లనొప్పులకి మంచిదని ముడవాట్టుకాల్ అనే దుంప సూప్ అమ్ముతుంటే రెండు గ్లాసులు తాగాను. మిరియాలు బాగా పడ్డాయి.

నవ్వులాట పక్కన పెట్టి ఒకటి అడుగుతాను. మా తోడికోడలికి రెండు చేతుల వేళ్ల కణుపులూ వాచి, పొద్దున్నే గంటన్నర దాకా గ్లాసు పట్టుకోలేకపోయేది. తన ఎక్స్‌రేలో ఏమీ లేదని మీ జాతివారే పాస్ చేశారు. అంతా నటనన్నారు ఇంట్లో. ఏడాది తర్వాత రక్తపరీక్షలు చేయిస్తే రుమటాయిడ్ కీళ్లవాతం అని తేలింది. ఆ జబ్బు మొదట్లో ఎక్స్‌రేకి దొరక్కపోవచ్చట, మందు మాత్రం మొదట్లోనే పడాలట. ఇప్పుడు వారానికి ఒక్కరోజు దానికిచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వేసుకుంటోంది, రోజూ వేసుకుంటే ప్రమాదమని క్యాలెండరులో బుధవారాలకి ఎర్ర సున్నాలు చుట్టుకుని. వృథాగా పోయిన ఆ ఏడాదికి జవాబు మీరిస్తారా, నటనన్నవాళ్లిస్తారా?

చివరికి ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి వెళ్లాను. పాతికేళ్లు ఉండవు. మిమ్మల్ని రెండు చేతులతో అందించాను. కవరు విప్పకుండా బల్ల మీద పడేసి, మీ నెత్తిన తన టిఫిన్ డబ్బా పెట్టింది. నా గుండె ఆగినంత పనైంది. "ఉక్కారుంగమ్మా. కైయ్య కట్టుంగ. ఎందిరింగ" అంది. చేతులు కట్టుకుని, కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలనో లెక్కపెట్టింది. ఆరు. తొడ కండకి సత్తువ లేకపోతే భారమంతా కీలు మీదే పడుతుందట. ఒక కిలో తగ్గితే అడుగు అడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గినట్టట. పాత తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టుకుని, అదిమిపట్టి అయిదు అంకెలు లెక్కపెట్టమంది. నొప్పి ఎక్కువైన రోజు పైపూత జెల్. ఫలితం తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. మందుల చీటీ లేదు.

నాకు ఒళ్లు మండింది. నాలుగేళ్లు తిరిగింది పాత తువ్వాలు కోసమా? మూడు రోజులు చేసి మానేసి, మిమ్మల్ని చంకన పెట్టుకుని ఇంకో డాక్టరు దగ్గరికి పరిగెత్తాను, అంటే కుంటాను. ఒప్పుకుంటున్నాను, మీతో తిరగడం సుఖం. ఎవరో ఒకరు చూసి అయ్యో అంటారు. తువ్వాలు ఏమీ అనదు, పైగా రోజూ రమ్మంటుంది.

మళ్లీ మొదలుపెట్టి ఆరు వారాలైంది. మెట్లు దిగేటప్పుడు ఇంకా చురుక్కుమంటుంది, దాచను. చెల్లెలికి మిమ్మల్ని పంపడం లేదు. కోపం తెచ్చుకోకండి, మీతో ఇంకా పనుంది. మీ కవరు వెనకాల ఖాళీ ఉంటే బాల్‌పెన్నుతో కుర్చీలోంచి లేచిన లెక్క రాసుకుంటున్నాను: 6, 6, 7, 6, 9. ఇవాళ్టిది 10, చివరిసారి కాస్త చెయ్యి ఆనించాను కాబట్టి తొమ్మిదిన్నర అనుకోండి.

కుక్కరు మూడో కూత వేసింది. లేవాలి.