కోనసీమ రిసార్టు గదికి నగరపు కేటలాగు పనికిరాదు

దిండి నుంచి అంతర్వేది దాకా గోదావరి పాయల వెంట ఎక్కడ కొత్త రిసార్టు కట్టినా, బయట కొబ్బరితోట కోనసీమదే గానీ లోపలి సామాను మాత్రం నగరంలోని అపార్టుమెంటుకు తగినదే. ఇది అందానికి సంబంధించిన ఫిర్యాదు మాత్రమే కాదు, ఖర్చుకు సంబంధించినది కూడా.

రెండు వానాకాలాలు చూసిన గదిలో వార్డ్‌రోబ్ కింది అంచును వంగి పరిశీలిస్తే సంగతి తెలుస్తుంది. తడిగుడ్డ పెట్టిన ప్రతిసారీ పీల్చుకున్న నీటికి అంచు పట్టీ ఊడి, లోపలి చెక్కపొట్టు నానిన అటుకుల్లా ఉబ్బి, బందుల స్క్రూలు పట్టు వదిలేసి, తలుపు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. మామూలు పార్టికల్ బోర్డులో పొట్టును పట్టి ఉంచే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు ఎడతెగని చెమ్మకు నిలవదు. ప్లైవుడ్ వేయించామని ధీమా పడే యజమానులు కూడా దాని మీది ముద్ర చూడాలి: భారత ప్రమాణాల (ఐఎస్) ముద్రల్లో ఐఎస్ 303 ఎంఆర్ (తేమను ఓర్చే) రకం కాస్త తేమను ఓర్చుకుంటుందే తప్ప, నీటి పక్కన నిలిచేది ఫినాలిక్ జిగురుతో చేసే ఐఎస్ 710 రకమే. సముద్రం దగ్గర గదుల్లో కుళాయిలకు, గొళ్ళేలకు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కన్నా మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 రకం మేలు, ఎందుకంటే ఉప్పుగాలికి వచ్చే తుప్పు మచ్చలను అది బాగా తట్టుకుంటుంది. ధర ఎక్కువే. కానీ మూడేళ్లకోసారి గది మూసి సామాను మార్చే ఖర్చును, ఆ రోజుల్లో పోయే అద్దెను ఎవరూ మొదటి కొటేషన్‌లో రాయరు.

పరుపుల విషయంలో జవాబు పెరట్లోనే ఉంది. రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు పరుపులో గాలి ఆడుతుంది. సీజను కాని నెలల్లో ఏసీ లేకుండా మూసి ఉంచే గదులకు, మందపాటి ఫోమ్ కన్నా అది ఎంతో నయం.

గది అలంకరణకొస్తే, చేత్తో అల్లే నరసాపురం లేసు ఉంది; దానికి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. దాన్ని రోజూ ఉతికే దుప్పట్ల మీద వేసి బ్లీచింగు పాలు చేయకూడదు; మంచం చివర పరిచే పట్టీకి, దీపపు తొడుగుకు, అద్దం బిగించిన ఫ్రేముకు వాడితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. సంక్రాంతికి గదులు తెరవాలని పుష్యమాసం చలిలో పరుగులు పెడితే దొరికేది యంత్రపు లేసే. ఇళ్లలో కూర్చుని క్రోషే సూదితో అల్లే మహిళల పనికి నెలలు పడుతుంది కాబట్టి, గదుల లెక్క తేలిన రోజే, దళారీ ప్రమేయం లేకుండా, అడ్వాన్సుతో సహా వారి సంఘాలకే ఆర్డరు ఇవ్వాలి.