వెనక కూర్చున్నవారు ఏం చూడాలి?

పాతపట్నం వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో నేను ఎస్జీటీని, అంటే చిన్న తరగతుల టీచర్ని. మొన్న మూడో తరగతికి తీసివేతలు చెబుతుంటే క్లాసు చూసి సలహాలివ్వడానికి ఒకాయన వచ్చారు. వెనక కూర్చుని ఫోన్ యాప్‌లో గడులు నింపారు, ఫొటో తీశారు. "టీఎల్ఎం (బోధన సామగ్రి) వాడకం తక్కువగా ఉంది మేడమ్, పిల్లల చేత ఎక్కువ మాట్లాడించండి" అని చెప్పి ఇరవై నిమిషాల్లో బండెక్కేశారు. ఆయన పక్కనే కూర్చున్న పిల్లాడి నోట్సులో 52లోంచి 27 తీస్తే 35 అని ఉంది. అది ఆయన చూడనే లేదు.

ఆయన మీద నాకు కోపం లేదు. నిన్నటిదాకా ఆయనా మాలాంటి టీచరే. సలహాలిచ్చే పని అప్పగించగానే అన్ని తరగతులూ, అన్ని సబ్జెక్టులూ తెలిసి తీరాలని అందరం ఆశిస్తాం. ఇక "నాకు తెలీదు" అనే మాట ఆయన నోట ఎలా వస్తుంది? ఏ బళ్లోనైనా చెల్లే సలహాలే వస్తాయి. మాకూ అదే టెన్షన్. ఎవరైనా వస్తున్నారంటే బాగా వచ్చిన పాఠమే చెబుతాం, సరిగ్గా రానిది దాచేస్తాం. సాయం కావాల్సింది ఆ దాచిన పాఠానికే కదా!

ఆ తప్పు సంగతి తేల్చింది మా హెడ్‌మాస్టారు. ఆయన చదివింది తెలుగు సాహిత్యం. పిల్లాడి పక్కన నేలమీద కూర్చుని "ఎలా చేశావురా, నాకు చెప్పు" అన్నారు. "ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి రెండు పోతే మూడు" అన్నాడు వాడు. పెద్ద అంకెలోంచే చిన్నది తీయాలని మొదట్లో నేర్పింది మేమే. వాడు దాన్నే పట్టుకున్నాడు. "ఏం చెయ్యాలో నాకూ తెలీదమ్మా, చూద్దాం" అంటూ మాస్టారు చీపురు పుల్లలు పదేసి చొప్పున కట్టారు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు విడి పుల్లలు ఇమ్మంటే వాడు కాసేపు వాటినే చూసి, ఒక కట్ట విప్పాడు.

మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర గిరిజనులకు చదువు చెప్పాలనుకుని, ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. పుస్తకాలు రాసింది ఆ తర్వాతే. నా క్లాసులో ఇప్పటికీ ఇంట్లో సవర మాట్లాడే పిల్లలున్నారు. వాళ్లకు తెలుగు చదవడం ఎలా నేర్పాలో నాకు సగమే తెలుసు. యాప్‌లో ఆ సంగతి రాయడానికి గడే లేదు.

అన్నీ తెలిసినవారే రానక్కర్లేదు. పది బళ్లు చుట్టే బదులు ఒకే బడికి పదిసార్లు రండి. ఒకరోజు మీరు పాఠం చెప్పండి, నేను వెనక కూర్చుంటాను. ఆ సవర పిల్లల పాఠంతోనే మొదలుపెడదాం.