బీరువాలోని .315 తూటా గారికి

అయ్యా,

మా చిన్నాన్న బీరువాలో, పట్టుచీరల కింది అరలో, పాత ఇన్‌కమ్‌టాక్స్ కాగితాల పక్కన, అట్టపెట్టెలో పదిమంది కలిసి కాపురం ఉంటున్న తమకు నమస్కారం. పదిమందిలో ఫలానా వారికని విడిగా రాయలేకపోతున్నాను. అందరూ ఒకే పోలిక. ఈ దసరాకి మా ఇంట్లో జరిగిన గొడవంతా ఆ పోలిక వల్లే. అక్కడికి తర్వాత వస్తాను.

ముందు నా పరిచయం. తమ యజమానికి నేను అన్న కొడుకుని. ఉండేది మలక్‌పేట. వేటలో నా అనుభవం ఆదివారం పొద్దున మటన్ కొట్టు ముందు నిలబడి "తొడ ముక్క వెయ్యి భాయ్" అనడం దాకానే. అయినా తమ మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. హైదరాబాద్‌లో తూటాల మీద అభిప్రాయం ఉండాలంటే తుపాకీ ఉండక్కర్లేదు. ఇరానీ హోటల్లో కుర్చీ దొరికితే చాలు.

శుక్రవారం సాయంత్రం మా చిన్నాన్న దర్బారు అక్కడే. ఖాన్ సాబ్, రిటైరైన లెక్కల మాస్టారు, చిన్నాన్న, బిల్లు కట్టడానికి నేను. నలుగురిలో తుపాకీ ఉన్నది చిన్నాన్నకొక్కడికే, అదీ తాత పోయాక వారసత్వంగా లైసెన్సు పేరు మారి వచ్చింది. మిగతా ముగ్గురివీ స్వచ్ఛమైన అభిప్రాయాలు. వాటికి లైసెన్సు లేదు, రెన్యువల్ లేదు.

ఖాన్ సాబ్ థర్టీ ఆట్ సిక్స్ పార్టీ. 1906లో అమెరికా సైన్యం తీసుకున్న తూటా అది. పేరులోని థర్టీ అంటే తుపాకీ గొట్టం వెడల్పు, .30 అంగుళం. 06 ఆ సంవత్సరమే. "పుట్టిన ఏడు పేరులోనే ఉంది మియా, దాచుకునే రకం కాదు" అంటారు. అడవిపంది నుంచి సాంబర్ జింక దాకా దేనికైనా అదొక్కటే సరిపోతుందని ఆయన తీర్పు. ఆయన జీవితంలో ఎదురుపడ్డ సాంబార్ ఇడ్లీ పక్కన వచ్చిందే.

మాస్టారు త్రీ నాట్ త్రీ భక్తుడు. రెండు ప్రపంచ యుద్ధాలు చూసిన తూటా, మన పోలీసుల భుజాల మీద దశాబ్దాలు తిరిగిన తూటా. కాలేజీలో ఎన్‌సీసీ డ్రిల్లు ఆ రైఫిల్‌తోనే చేశారు. అయితే సైన్యం వాడిన కొలత కాబట్టి మామూలు జనానికి ఇవ్వరు. ఇవ్వరు కాబట్టే ఆయనకంత ఇష్టం. ఇచ్చి ఉంటే దాని మీద కూడా వంద వంకలు పెట్టేవారు. పొరుగింటి పుల్లకూర రుచి.

ఇక వీడియో కాల్‌లో మా డాలస్ బావ. శనివారం గుడ్డు కూడా ముట్టడు. ఇంట్లో మాత్రం నాలుగు రైఫిళ్ళు. ఆయన ఓటు సిక్స్ పాయింట్ ఫైవ్ క్రీడ్‌మూర్‌కి. 2007లో వచ్చిన కొత్త కోడలు. దూరపు టార్గెట్ పోటీల కోసం తయారైంది, తూటా కొనలోని గుండు సన్నగా పొడుగ్గా గాలిని చీల్చుకుపోతుందని, భుజానికి తన్ను కూడా తక్కువని బావ పాఠం చెప్తాడు. మాస్టారు తల గోక్కుని "అది నాంపల్లిలో దొరుకుతదా?" అని అడిగారు. బావ దగ్గర సిగ్నల్ పోయింది.

నా పార్టీ ఏమిటంటారా? పాయింట్ టూ టూ. 1887 నుంచి ఉన్న చిన్న తూటా, చిటికెన వేలి చివరి కణుపంత. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీలు ఇప్పటికీ దానితోనే. కాలేజీ రోజుల్లో క్యాంపులో బోర్లా పడుకుని ఐదు రౌండ్లు కాల్చాను. టార్గెట్ తెచ్చి చూస్తే నా కాగితానికి రెండు చిల్లులు, పక్కవాడి కాగితానికి ఎనిమిది. వాడికి బెస్ట్ ఫైరర్ అని చప్పట్లు కొట్టారు. అప్పటి నుంచి పక్కవాడిని పైకి తెచ్చే తూటాగా నాకు దాని మీద గౌరవం.

తమ పార్టీ ఎవరని అడుగుతారేమో. చిన్నాన్న. కానీ నిజం చెప్పాలి కదా, ఆ ప్రేమ మేనరికం లాంటిది. సంబంధాలు వెతికి, నచ్చి చేసుకున్నది కాదు. ఇంట్లో ఉన్నారు, కట్టబెట్టారు, ఇప్పుడు మీరే అందగత్తె అని వాదించాలి.

తమ వంశవృక్షం మాస్టారు నాప్‌కిన్ మీద గీసి చూపించారు. తమది ఆస్ట్రియా హంగరీ సైన్యం వాడిన 8 మిల్లీమీటర్ల మాన్లికర్ తూటా రక్తం. ఆ 8 మిల్లీమీటర్లనే అంగుళాల్లోకి మార్చి .315 అని ఇంగ్లీషు పేరు పెట్టారు. తెల్లదొరలకు మన దేశంలో ఎవరి చేతిలోనూ వాళ్ళ సైన్యం తూటా ఉండకూడదని భయం. సరుకు మాత్రం అమ్ముకోవాలి. అందుకని బర్మింగ్‌హామ్‌ కంపెనీ ఆ సైన్యం వాడే లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఒంటికే తమ నోరు అతికించి పంపింది. దొరలు పోయారు, ఫైలు మిగిలింది. స్వతంత్రం వచ్చాక మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు ఆ మోడల్నే చేసి అమ్ముతూ వచ్చాయి. ఇంతా చేసి మన జనం "నాకు పర్సనల్‌గా త్రీ ఫిఫ్టీనే ఇష్టమండీ" అంటుంటే, ఆ పర్సనల్ ఏ గుమాస్తా బల్ల మీద పుట్టిందో అని నాకు నవ్వొస్తుంది.

తమరొక్కరే కాదు, బాధపడకండి. 1907 ప్రాంతంలో .450 తూటాల మీద కూడా ఇలాగే నిషేధం పెట్టారు, తిరగబడేవాళ్ళు ఆ గుండ్లు పీకి పాత సైనిక తుపాకుల్లో వాడతారని. అంతవరకూ .450తో పులుల్ని, ఏనుగుల్ని కొడుతున్న దొరలు, రాజులు ఇబ్బందిపడ్డారు. ఇంగ్లండ్ తుపాకుల దుకాణాలు వెంటనే .465, .470 అని పక్క నంబర్లు తయారుచేశాయి. ఈ మార్పు సంగతి పులికి ఎవరూ చెప్పి ఉండరు. ఇంకో తమాషా, పులుల వేటగాడు జిమ్ కార్బెట్ చేతిలో పేరుపొందిన .275 రిగ్బీ అసలు జర్మన్ మౌజర్ 7 మిల్లీమీటర్ల తూటాయే. ఊరు దాటి పేరు మార్చుకుంది. ఖాన్ సాబ్ ఇది విని "అందరూ బినామీలే" అని ఇంకో చాయ్ చెప్పారు.

ఒకసారి మా చిన్నమ్మ ఈ గొడవలో కలగజేసుకుంది. ఇంట్లోనే వాదన నడుస్తోంది. గ్రెయిన్ అంటే ఏందని అడిగింది. గుండు బరువు కొలిచే లెక్క అని మాస్టారు మొదలుపెట్టారు. పాత తులానికి సరిగ్గా 180 గ్రెయిన్లట. ఖాన్ సాబ్ పార్టీ తూటాకి ఎక్కువగా వాడే గుండు బరువు కూడా 180 గ్రెయిన్లే. అంటే నొక్కిన ప్రతిసారీ ఒక తులం పోతుంది. తమ గుండు 244 గ్రెయిన్లు, తులం మీద ఇంకో మూడో వంతు. చిన్నమ్మ చేతిలోని పల్లెం పక్కన పెట్టి, "పెళ్ళైనప్పటి నుంచి నాకు తులం కొనమంటే ముఖం తిప్పుకుంటిరి. బీరువాల పదమూడు తులాల సీసం పెట్టుకున్నరా?" అంది. ఆ రోజు తూటాల చర్చ అక్కడితో ముగిసింది. లెక్క కూడా ఆమె తప్పు చెప్పలేదు, కావాలంటే గుణించి చూడండి.

తమ చేత చేయించిన ఒకే ఒక్క పని గురించి తాత చెప్పేవారు. నర్సాపూర్ వైపు మా మక్క చేనులోకి అడవిపందులు దిగేవి. మంచె మీద తెల్లవార్లూ కూర్చుని, తెల్లారగట్ల ఒక తూటా కాల్చారు. రైఫిల్ తన్నిన తన్నుకి మంచె మీద నుంచి జారి కింద పడ్డారు. గుండు చింతచెట్టుకి తగిలింది. ఆ చెట్టు ఇప్పటికీ కాస్తోంది. చిన్నాన్న చెప్పే కథలో మాత్రం అక్కడొక పంది ఉంటుంది. దాని బరువు ఏటేటా పెరుగుతోంది, మొన్న సంక్రాంతికి క్వింటాలు దాటింది.

తర్వాత 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. ఇప్పుడు చేను తొక్కే పందిని కొట్టాలన్నా రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. వనస్థలిపురంలో ఒకప్పటి నిజాం వేట అడవి ఇప్పుడు హరిణ వనస్థలి. కృష్ణజింకలు తిరుగుతుంటాయి, జనం టికెట్ కొని చూస్తారు. చిన్నాన్నని తీసుకెళ్ళాను. కంచె దగ్గర నిలబడి ఒక కన్ను మూసి, "గింత దూరానికి త్రీ ఫిఫ్టీన్ చాలు" అన్నాడు. పక్కన పాప్‌కార్న్ తింటున్న పిల్లాడు భయపడి వాళ్ళమ్మ కొంగు పట్టుకున్నాడు. జింక మాత్రం తలెత్తలేదు. దానికి మనిషిని చూస్తే తెలిసిపోతుందనుకుంటాను.

తమ రైఫిల్ గడప దాటేది ఎలక్షన్లప్పుడే. కోడ్ రాగానే ఆయుధం డిపాజిట్ చేయమని ఫోన్ వస్తుంది. 2023లో అసెంబ్లీకి ఒకసారి, 2024లో లోక్‌సభకి ఒకసారి. పాత దుప్పట్లో చుట్టి ఆటోలో తీసుకెళ్ళాం. ఆటో అతను మధ్యలో "క్రికెట్ కిట్టా సార్?" అని అడిగితే చిన్నాన్న ముఖం చూడాలి. స్టేషన్‌లో కుర్ర కానిస్టేబుల్ రసీదు రాస్తూ, రైఫిల్ని ఎగాదిగా చూసి, "సార్, ఇది పేలుతదా?" అన్నాడు.

చిన్నాన్న ఇంటికొచ్చి అన్నం తినలేదు. యాభై ఏళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న అది. ఏది ఎక్కువ దూరం పోతుంది, ఏది ఎక్కువ లోతు దిగుతుంది, ఏ దొర ఏది వాడాడు, అన్నీ అనుకున్నాం. మన ఇంట్లోది పేలుతుందా అన్నది ఏ శుక్రవారమూ ఎజెండాలో లేదు.

ఇక దసరా సంగతి. ఆయుధ పూజకి ప్రతి ఏడూ తమను బయటికి తీస్తారు కదా. హాల్లో పీట మీద ఎర్రగుడ్డ పరిచి, మధ్యలో రైఫిల్, చుట్టూ కత్తిపీట, మిక్సీ, స్క్రూడ్రైవర్లు, మనవడి జామెట్రీ బాక్స్, నా లాప్‌టాప్. ముందు వరసలో తమరు పదిమందీ నిటారుగా. అంత దగ్గరగా తమను చూసింది నేను అప్పుడే. చూపుడు వేలంత పొడవు, అడుగున చిన్న అంచు, ఇత్తడి మీద అక్కడక్కడ ఆకుపచ్చ మచ్చలు, కొనలో మెత్తటి సీసం, దాని మీద ఎవరిదో గోటి గుర్తు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మందుగుండు వాసన కాదు, కలరా ఉండల వాసన. చిన్నమ్మ ఒక్కొక్కరికీ బొట్టు పెట్టింది.

సాయంత్రం జమ్మి చెట్టు దగ్గరికెళ్ళి, బంగారం పంచుకుని, తిరిగొచ్చి లెక్క చూస్తే తొమ్మిదిమంది. లైసెన్సు ప్రకారం పది.

1972 తర్వాత మా ఇంట్లో వేట జరిగిందంటే ఆ రాత్రే. టార్చిలైటు వేసుకుని ఫ్రిజ్ కింద, సోఫా వెనక, చెప్పుల స్టాండులో, మిక్సీ జారులో. చిన్నాన్న నేల మీద పాకుతూ, "కదలకుండ్రి, అడుగు పడ్తే దొర్లిపోతది" అని గుసగుసగా ఆజ్ఞలు. ఎందుకు గుసగుస అని చిన్నమ్మ అడిగితే సమాధానం లేదు. ఖాన్ సాబ్‌కి ఫోన్ చేస్తే ఏ సెక్షన్ కింద ఎంత పడొచ్చో చెప్పడం మొదలుపెట్టారు, చిన్నాన్న మధ్యలోనే పెట్టేశాడు. రాత్రి రెండింటికి అందరం ఓడిపోయి పడుకున్నాం.

పొద్దున చిన్నమ్మ గుడాలకని నానబెట్టిన శెనగలు వంచుతుంటే స్టీలు గిన్నెలో టంగుమని మోగింది. తమలో ఒకరు, బొట్టు కరిగిపోయి, కిలో శెనగల మధ్య తెల్లవార్లూ నాని ఉన్నారు. నాలుగేళ్ళ మనవడు ఒప్పుకున్నాడు. నానమ్మ శెనగలు నానబెడితే పొద్దునకి పెద్దగయ్యాయి కదా, ఇది కూడా అవుతుందని. ఖాన్ సాబ్ విని, "ఇంకో రెండ్రోజులు ఉంచితే ఫోర్ సెవెంటీ అయ్యేది" అన్నారు. శెనగలు సీసం తగిలాయని చిన్నమ్మ పారబోసింది. తమను పాత బనీనుతో తుడిచి, కాసేపు ఎండలో పెట్టి, మళ్ళీ పెట్టెలో తమ తొమ్మిదిమంది పక్కన సర్ది మూత పెట్టింది. కనీసం ఒక గుర్తన్నా పెట్టలేదు.

ఆ సంగతి చిన్నాన్నకి మధ్యాహ్నం తెలిసింది. అప్పటి నుంచి ఒక్కొక్కరినీ చెవి దగ్గర పెట్టుకుని ఊపుతున్నాడు. అందరి లోపలా ఒకే చప్పుడు. కాల్చి చూడటానికి లేదు, పారేయడానికి లేదు, లెక్కలో పదీ ఉన్నాయి. శుక్రవారం దర్బారు కూడా రద్దయింది.

అందుకే ఈ ఉత్తరం. తమలో నానింది ఎవరో దయచేసి చెప్పగలరా?

ఇట్లు,
పాయింట్ టూ టూ పార్టీ వాడు,
మలక్‌పేట