"ఇక్కడో సంతకం పెట్టు అబ్బయా"

రాపూరు, ఉదయగిరి అడవుల్లో ఎర్రచందనం దుంగలు కొట్టించే మనిషికైనా, నెల్లూరు టౌన్లో స్థలాల సెటిల్‌మెంట్లు చేసే మనిషికైనా కొడుకు ఎదిగొస్తే మొదట అక్కరకొచ్చేది వాడి ఆధార్, పాన్ కార్డులే. కత్తి పట్టమని అడిగే తండ్రులు తక్కువ. "ఇక్కడో సంతకం పెట్టు అబ్బయా" అంటారు, అంతే. లారీ ఆర్సీ, పొలం పాస్‌బుక్కు, బ్యాంకులో కరెంటు ఖాతా ఒక్కొక్కటే కొడుకు పేరు మీదికి వస్తాయి. ఇలాంటి ఇంట్లో పుట్టినవాడి వేదన గురించి మాట్లాడేటప్పుడు మనం రక్తం, పగ, వారసత్వం అంటూ పోతాం. ఆ సంతకం సంగతి ఎవరూ ఎత్తరు.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, అంటే పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టంలో, 111వ సెక్షన్ చదవండి. వ్యవస్థీకృత నేర ముఠా సభ్యుడి తరఫున ఆస్తి అట్టిపెట్టుకుని, దానికి లెక్క చెప్పలేకపోతే 3 నుంచి 10 ఏళ్ళ జైలు, లక్షకు తగ్గని జరిమానా. "నాన్న కొనిచ్చాడు" అంటే సరిపోదు, నాన్నకు ఆ డబ్బెక్కడిదని అడుగుతారు. బినామీ చట్టం కూడా పిల్లల పేరున కొన్నదాన్ని వదిలిపెట్టేది తెలిసిన ఆదాయంతో కొన్నప్పుడే.

అదే సెక్షన్లో ఇంకో మాటుంది. అలాంటి నేరం చేసినవాణ్ణి కావాలని దాచిపెడితే కనీసం 3 ఏళ్ళు, 5 లక్షలకు తగ్గని జరిమానా. భార్యకు మినహాయింపు ఇచ్చారు, కొడుక్కి ఇవ్వలేదు. అర్ధరాత్రి వచ్చిన మొగుడికి అన్నం పెట్టి పడకేసిన తల్లి జోలికి ఈ సెక్షన్ రాదు. తెలిసి గడియ తీసి, గదిలో దాచిన కొడుకు ముద్దాయి. ఇది నాకు మింగుడుపడదు. తాగుడుకూ జూదానికీ తండ్రి చేసిన అప్పు, కట్టకుండా పోయిన జరిమానా కొడుకు తీర్చనక్కర్లేదని పాత ధర్మశాస్త్రమైన తన స్మృతిలో యాజ్ఞవల్క్యుడే అన్నాడు. ఆ స్మృతికి వ్యాఖ్యానమైన మితాక్షరను 13వ శతాబ్దంలో తెనిగించిన కేతన, మన నెల్లూరు తిక్కన చెంత ఉన్నవాడే.

పోలీసు రికార్డు మాటకొస్తే, ఢిల్లీ కేసులో 2024 మే 7న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. నేరస్తుడికి ఆశ్రయమిచ్చినట్టు ఆధారముంటే తప్ప, పోలీసులు అతని మీద తెరిచే హిస్టరీ షీటులో మైనరు పిల్లల వివరాలు రాయకూడదంది. మిగతా రాష్ట్రాలూ ఆలోచించాలని కోరింది. ఒంగోలు, నెల్లూరు స్టేషన్లలోని రౌడీషీట్లకూ ఇదే పద్ధతి పాటించాలి. పదో తరగతి పిల్లాణ్ణి "ఫలానావాడి కొడుకు" అని కాగితంమీద ఎక్కిస్తే, వాడికి తండ్రి మనుషులు తప్ప వేరే దిక్కుండదు.

బయటపడాలనుకునేవాడు ముందు తన పేరున ఏమేముందో తెలుసుకోవాలి. కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో తన పేరున ఉన్న సిమ్‌లు తెలుస్తాయి. రాష్ట్ర భూరికార్డుల పోర్టల్ మీభూమిలో ఆధార్ నంబరు కొడితే, పేరున ఉన్న భూముల వివరాలు చూపే 1-బి వస్తుంది. ఆదాయపన్ను పోర్టల్లో వార్షిక సమాచార నివేదిక తీస్తే 30 లక్షలు, ఆపైన జరిగిన స్థిరాస్తి కొనుగోళ్ళు, కరెంటు ఖాతాలో ఏడాదికి 50 లక్షలకు చేరిన నగదు బయటపడతాయి. తెలియనిది కనబడితే నేరుగా లాయరు దగ్గరికి వెళ్ళాలి. చాలామంది చేసే తప్పు, కంగారుపడి దాన్ని స్నేహితుడి పేరుకు మార్చడం. నేరం సొమ్మని తెలిసి మారిస్తే మనీ లాండరింగ్ చట్టం కింద 3 నుంచి 7 ఏళ్ళు. తెలిసి రాయించుకుంటే ఆ స్నేహితుడికీ అంతే.

ప్రేమించినవాడికి చిక్కు ఇంకా ఎక్కువ. ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసిచ్చాక 30 రోజులు ఆగాలి, ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. తండ్రి స్థలాలు రిజిస్టరైనదీ ఆ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులోనే కావచ్చు, కబురు సాయంత్రానికే ఇంటికి చేరుతుంది. బెదిరింపులొస్తే ఎస్పీకి అర్జీ పెట్టుకోవచ్చు, అలాంటి జంటలకు రక్షిత గృహాలు చూడమని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. అయితే అంతకన్నా ముందు చేయాల్సిందొకటుంది. తన పేరున ఉన్న కాగితాలన్నీ ఆ అమ్మాయి ముందు పరచాలి. రేపు పెళ్ళయి రాజీ కుదిరిందనుకుందాం. వారం తిరక్కుండానే మామగారు పిలిచి, "అమ్మా, నీ పాన్ కార్డొకసారి ఇలా ఇవ్వు" అంటాడు.